సీఆర్ఎన్ఏ చదువు: ఫ్రంట్ లోడెడా, ఇంటిగ్రేటెడా, హైబ్రిడా? ఎంచుకునే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా

"అక్కా, రెండు చోట్ల అప్లై చేస్తున్నా. ఒకటి ఫ్రంట్ లోడెడ్, ఇంకొకటి ఇంటిగ్రేటెడ్. ఏది మంచిది?" అమెరికాలో ఐసీయూల్లో పనిచేస్తున్న మన నర్సుల నుంచి ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. సీఆర్ఎన్ఏ అంటే ఆపరేషన్లలో మత్తు ఇవ్వడానికి ప్రత్యేకంగా చదువుకున్న నర్సు. ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపేస్తే అది వాళ్లకు ఉపయోగపడదు, ఎందుకంటే ఒకే పేరు పెట్టుకున్న రెండు ప్రోగ్రాముల్లో రోజులు గడిచే తీరు అసలు పోలికే లేకుండా ఉండొచ్చు.

నా లెక్క ఇది. ఫార్మాట్ పేరును పక్కన పెట్టండి. ఆ ప్రోగ్రాం మూడేళ్ల క్యాలెండర్‌ను సెమిస్టర్ల వారీగా సంపాదించండి, దాన్ని మీ ఇంటి క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. ఆ పని ఎలా చేయాలో కింద వరసగా రాస్తున్నాను. ఇది ఇప్పటికే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్స్ ఉండి, ఐసీయూలో చేస్తున్నవాళ్ల కోసం. ఇండియా నుంచి చదివేవాళ్లకు ఒక మాట: మన దగ్గర నర్సు సొంతంగా మత్తు ఇచ్చే ఉద్యోగం లేదు, కాబట్టి ఈ చదువు అక్కడ పనిచేయాలనుకునేవాళ్లకే.

## 1. ముందు మారని వాటిని తెలుసుకోండి

ఫార్మాట్ ఏదైనా చేరాల్సిన గమ్యం ఒకటే. ప్రోగ్రాములకు గుర్తింపు ఇచ్చే సంస్థను సీఓఏ అంటారు. అది పెట్టిన నియమాలు అందరికీ ఒకటే.

- 2022 జనవరి 1 నుంచి కొత్తగా చేరే ప్రతి ఒక్కరూ డాక్టరేట్ ప్రోగ్రాంలోనే చేరాలి. డిగ్రీ పేరు డీఎన్‌పీ (నర్సింగ్ ప్రాక్టీస్ డాక్టరేట్) అయినా, డీఎన్‌ఏపీ (నర్స్ అనస్థీషియా ప్రాక్టీస్ డాక్టరేట్) అయినా సీఆర్ఎన్ఏ పరీక్షకు తేడా లేదు.
- చదువు కనీసం 36 నెలలు.
- క్లినికల్స్, అంటే హాస్పిటల్‌లో పేషెంట్లతో చేసే శిక్షణ, కనీసం 2,000 గంటలు, కేసులు 600కు పైనే. చిన్నపిల్లలు, కాన్పులు, ఛాతీ ఆపరేషన్లు, వెన్నులో ఇచ్చే మత్తు లాంటి వాటికి విడివిడిగా కనీస సంఖ్యలు ఉంటాయి.
- క్లాసులు, క్లినికల్స్ కలిపి వారానికి 64 గంటలు దాటకూడదు. దీన్ని నాలుగు వారాల సగటుగా చూస్తారు. ఇంట్లో కూర్చుని చదివే గంటలు ఇందులోకి రావు, అది గుర్తుంచుకోండి.
- చివర్లో సీఆర్ఎన్ఏ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఎన్‌బీసీఆర్‌ఎన్‌ఏ పెట్టే ఎన్‌సీఈ పరీక్ష. కంప్యూటర్ మీద మూడు గంటలు. మీ జవాబులను బట్టి 100 నుంచి 170 ప్రశ్నల దాకా వస్తాయి.

అంటే ఫార్మాట్ వల్ల మారేది చదువు వరస, దాని బరువు ఏ నెలల్లో మీద పడుతుందన్నది, మీరు ఏ ఊళ్లో ఉండాల్సి వస్తుందన్నది. ఇవి చిన్న విషయాలేం కాదు, మూడేళ్లు నిలబడతారా లేదా అన్నది చాలామందికి వీటి మీదే తేలుతుంది.

## 2. మూడు ఫార్మాట్లలో వారం ఎలా గడుస్తుంది

### ఫ్రంట్ లోడెడ్

మొదటి ఏడాది, కొన్నిచోట్ల అంతకన్నా కొన్ని నెలలు ఎక్కువ, మొత్తం క్లాసులే. ఫిజియాలజీ, ఫార్మకాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మత్తు మెషీన్ పనిచేసే తీరు, మత్తు ఇచ్చే సూత్రాలు, సిమ్ ల్యాబ్ (బొమ్మల మీద సాధన చేసే ల్యాబ్). ఆ తర్వాత మిగిలిన కాలమంతా దాదాపు పూర్తిగా ఆపరేషన్ థియేటర్‌లోనే. మధ్యలో సెమినార్లు, డాక్టరేట్ ప్రాజెక్టు నడుస్తుంటాయి.

దీని సుఖం ఏమిటంటే, ఒక సమయంలో ఒకే రకమైన టెన్షన్ ఉంటుంది. పరీక్షల కాలంలో పరీక్షలు, కేసుల కాలంలో కేసులు. మొదటి రోజు థియేటర్‌లోకి వెళ్లేసరికి మందుల డోసులు, మెషీన్ చెకింగ్, ఎయిర్‌వే ప్లాన్ (పేషెంట్ ఊపిరి దారిని ఎలా కాపాడాలన్న ఏర్పాటు) అన్నీ కనీసం కాగితం మీద వచ్చి ఉంటాయి.

కష్టం రెండు వైపుల నుంచి వస్తుంది. మొదటి సెమిస్టర్లో చదివిన ఫార్మకాలజీ ఏడాది తర్వాత పేషెంట్ ముందు నిలబడేసరికి సగం ఆవిరైపోతుంది. చేతి పనీ మొద్దుబారుతుంది, ఐసీయూలో కళ్లు మూసుకుని పెట్టిన ఐవీ కూడా ఏడాది గ్యాప్ తర్వాత తడబడుతుంది. పైగా మొదటి ఏడాది గ్రేడ్ల కత్తి మెడ మీద ఉంటుంది, చాలా ప్రోగ్రాముల్లో బి కన్నా తగ్గితే ప్రొబేషనో, ఇంటికి పంపేయడమో జరుగుతుంది.

### ఇంటిగ్రేటెడ్

ఒకటి రెండు సెమిస్టర్ల క్లాసుల తర్వాత క్లినికల్స్ మొదలవుతాయి, ఆపైన రెండూ పక్కపక్కనే నడుస్తాయి. మొదట్లో వారానికి ఒకటి రెండు రోజులు థియేటర్, పోనుపోను మూడు, నాలుగు రోజులు. సోమ, మంగళ క్లాసులు, బుధవారం నుంచి థియేటర్ అన్నది తరచూ కనిపించే అమరిక.

బుధవారం సంగతి కాస్త ఊహించండి. మంగళవారం సాయంత్రం మరుసటి రోజు కేసుల జాబితా చూడాలి, పేషెంట్ చరిత్ర చదివి కేర్ ప్లాన్ రాయాలి, ప్రిసెప్టర్‌కు (థియేటర్‌లో పక్కనుండి నేర్పే సీనియర్‌కు) ఫోనో మెసేజో చేయాలి. తెల్లవారుజామునే వెళ్లి మెషీన్ చెక్ చేసి, సక్షన్, ఎయిర్‌వే సామాను, మందులు సిద్ధం చేసుకోవాలి. రోజంతా కేసులు. ఇంటికొచ్చాక సోమవారం పరీక్షకు చదవాలి. ఇది ఏడాదీ రెండేళ్లూ ఆగకుండా నడుస్తుంది.

అయితే చదువు బుర్రకెక్కే తీరులో దీనికి సాటి లేదు. సోమవారం వెంటిలేటర్ మోడ్‌ల గురించి విని బుధవారం లాప్రోస్కోపీ కేసులో పొట్టలో గాలి నింపగానే ప్రెషర్లు ఎలా పెరుగుతాయో కళ్లతో చూస్తే, మళ్లీ ఆ పాఠం తెరవక్కర్లేదు. చూసి, చేసి నేర్చుకునేవాళ్లకు ఇది వరం.

ఇబ్బంది ఎక్కడంటే, క్లాసులో ఇంకా చెప్పని కేసు థియేటర్‌లో ముందే ఎదురు కావచ్చు. దయగల ప్రిసెప్టర్ దొరికితే నేర్పిస్తారు, లేకపోతే "ఇది కూడా తెలియదా" అన్న చూపు భరించాలి.

### హైబ్రిడ్

ఈ పేరును ప్రోగ్రాములు ఇష్టమొచ్చినట్టు వాడతాయి. కొందరు ఫ్రంట్ లోడెడ్, ఇంటిగ్రేటెడ్ కలిపిన అమరికను హైబ్రిడ్ అంటారు. ఎక్కువమంది మాత్రం క్లాసులు ఆన్‌లైన్‌లో పెట్టి, సెమిస్టర్‌కు కొన్ని రోజులు క్యాంపస్‌కు పిలిచి, క్లినికల్స్‌ను వేరే ఊళ్లలో, వేరే రాష్ట్రాల్లో చేయించే పద్ధతిని అంటారు. ఈ వ్యాసంలో నేను వాడేది రెండో అర్థంలో.

ఇల్లు మారకుండా క్లాసులు చదువుకోవచ్చు, అది పెద్ద లాభం. కానీ క్లినికల్స్ మీ ఊళ్లోనే దొరుకుతాయన్న హామీ లేదు. ఇంకో రాష్ట్రంలో సైట్ వస్తే అక్కడ చెల్లే ఆర్ఎన్ లైసెన్స్ కావాలి. ఒకరి నర్సు లైసెన్స్‌ను ఒకరు ఒప్పుకునే కాంపాక్ట్ రాష్ట్రాల మల్టీస్టేట్ లైసెన్స్ ఉంటే చాలావరకు తేలిక, కాలిఫోర్నియా లాంటి కాంపాక్ట్‌లో లేని రాష్ట్రమైతే విడిగా అప్లై చేసి ఎదురుచూడాలి. అలాగే కొన్ని ప్రోగ్రాములు కొన్ని రాష్ట్రాల్లో నివసించేవాళ్లను అసలు తీసుకోలేవు. అప్లికేషన్ ఫీజు కట్టే ముందే ఈ సంగతి అడగాలి.

ఆన్‌లైన్ అంటే తేలిక అనుకోకండి. లైవ్ క్లాసుకు కెమెరా ఆన్ చేసుకుని కూర్చోవాలి, పరీక్షలు నిఘాలో రాయాలి. పక్కన కూర్చుని కలిసి చదివే స్నేహితులు ఉండరు.

## 3. అప్లై చేయకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

ఫార్మాట్ గురించి గంటలు గంటలు చర్చించి, తీరా ట్రాన్‌స్క్రిప్ట్ రాక ఆ ఏడాది పోగొట్టుకునేవాళ్లున్నారు. చాలా చోట్ల క్లాసులు మొదలవడానికి దాదాపు ఏడాది ముందే అప్లికేషన్ల గడువు ముగుస్తుంది.

- ఏ మచ్చా లేని ఆర్ఎన్ లైసెన్స్.
- కనీసం ఏడాది ఫుల్ టైమ్ క్రిటికల్ కేర్ అనుభవం. ఇది కనీసం మాత్రమే, పోటీలో నిలబడేవాళ్లకు ఎక్కువే ఉంటుంది. వెంటిలేటర్, వాసోయాక్టివ్ డ్రిప్పులు (బీపీని అదుపు చేసే మందులు), ఆర్టీరియల్ లైన్లు (ధమనిలో పెట్టే గొట్టం) ఉన్న పేషెంట్లను చూసి ఉండాలి. ఎమర్జెన్సీ వార్డు అనుభవాన్ని కొన్ని ప్రోగ్రాములు లెక్కలోకి తీసుకోవు.
- సీసీఆర్ఎన్ (క్రిటికల్ కేర్ నర్సుల) సర్టిఫికేషన్. కొన్నిచోట్ల తప్పనిసరి, మిగతాచోట్ల అడగకపోయినా ఉంటే మంచిది.
- సీఆర్ఎన్ఏ పక్కన ఉండి పని చూడటం, అంటే షాడోయింగ్. గంటలకు సంతకం తీసుకోండి.
- జీఆర్ఈ అడుగుతున్నారా, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ కోర్సులు ఎన్నేళ్లలోపువి కావాలంటున్నారు.

ఇండియాలో నర్సింగ్ చదివినవాళ్లకు అదనంగా ఇంకో జాబితా ఉంది.

- బీఎస్సీ నర్సింగ్ అయితే క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ (మీ చదువు అమెరికాలో దేనికి సమానమో తేల్చే రిపోర్టు) చేయించాలి. ప్రోగ్రాం ఏ సంస్థ రిపోర్టును ఒప్పుకుంటుందో ముందు కనుక్కుని, దానికే డబ్బు కట్టండి.
- జీఎన్ఎం మాత్రమే ఉంటే ముందు ఆర్ఎన్ టు బీఎస్ఎన్ (నర్సులు నర్సింగ్ డిగ్రీ తెచ్చుకునే కోర్సు) పూర్తి చేయడం దాదాపు తప్పదు.
- ట్రాన్‌స్క్రిప్ట్ యూనివర్సిటీ నుంచి నేరుగా రావాలంటారు. విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అయినా, వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ అయినా, కాలేజీ నుంచి కాగితాలు కదిలి, అక్కడి నుంచి కవర్ సీలయ్యి బయటపడేదాకా నెలలు పట్టొచ్చు. ఊళ్లో తిరిగి కనుక్కునే మనిషి ఒకరు ఉంటే పని త్వరగా అవుతుంది. తమ్ముడో, బావో ఎవరైనా సరే, ఇప్పుడే పురమాయించండి.
- టోఫెల్ అవసరమా అని అడగండి. అమెరికాలో ఏళ్ల తరబడి పనిచేస్తున్నా కొన్ని యూనివర్సిటీలు అడుగుతాయి.

## 4. మీ ఇంటి లెక్క రాసుకోండి

ప్రోగ్రాముల వెబ్‌సైట్లు తెరవకముందే ఒక కాగితం మీద ఇవి రాయండి. తెరిచాక రాస్తే, నచ్చిన ప్రోగ్రాంకు తగ్గట్టు జవాబులు రాసుకుంటాం.

- పిల్లలున్నారా, వచ్చే మూడేళ్లలో ఏ తరగతుల్లో ఉంటారు? పొద్దున ఐదింటికి నేను వెళ్లిపోతే వాళ్లను ఎవరు లేపి పంపిస్తారు?
- భర్త లేదా భార్య ఉద్యోగం ఊరు మారడానికి వీలు ఇస్తుందా?
- మా ఇంట్లో ఒక్క జీతం మీద ఎన్ని నెలలు గడుస్తుంది?
- నేను పుస్తకం చదివి నేర్చుకునేదాన్నా, చేస్తూ నేర్చుకునేదాన్నా? నర్సింగ్ స్కూల్లో ఏ సెమిస్టర్ సాఫీగా సాగింది, ఏది ఏడిపించింది?
- నిద్ర తగ్గితే నేను ఎలా ఉంటాను? ఇక్కడ అబద్ధం రాయకండి.
- అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి ఉండగలరా, ఎప్పుడు?

ఆఖరి ప్రశ్న మన ఇళ్లలో ఫార్మాట్‌ను తేల్చేస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు మామూలుగా ఆర్నెల్లు ఉంటారు. ఫ్రంట్ లోడెడ్‌లో క్లినికల్స్ మొదలయ్యే నెల ముందే తెలుస్తుంది కాబట్టి, అమ్మ ప్రయాణాన్ని సరిగ్గా ఆ నెలకు పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది క్లాసుల కాలంలో ఇల్లు మీరూ మీవాళ్లూ ఎలాగో లాక్కొస్తారు. ఇంటిగ్రేటెడ్‌లో బరువు రెండేళ్లకు పైగా పరుచుకుని ఉంటుంది, ఆర్నెల్ల సాయం సరిపోదు. అమ్మా, అత్తగారూ వంతులవారీగా రావడమో, లేకపోతే డబ్బిచ్చి పెట్టుకునే మనిషో ఉండాల్సిందే.

## 5. ప్రోగ్రాం నుంచి రాబట్టాల్సిన వివరాలు

ముందుగా సీఓఏ వెబ్‌సైట్లో ఆ ప్రోగ్రాం గుర్తింపు పరిస్థితి చూడండి. ప్రొబేషన్‌లో ఉందా, తర్వాతి సమీక్ష ఎప్పుడు. గుర్తింపు లేకపోతే ఇక మిగతా ప్రశ్నలు అనవసరం.

తర్వాత ప్రోగ్రాం పేజీలో మూడు అంకెలు చూడండి: మొదటిసారి ఎన్‌సీఈ పాసైనవాళ్ల శాతం, మధ్యలో వెళ్లిపోయినవాళ్ల శాతం, ఉద్యోగాలు వచ్చినవాళ్ల శాతం. ఇవి బయటపెట్టడం ప్రోగ్రాముల బాధ్యత. మొదటి రెండింటినీ కలిపి చదవాలి. పాస్ శాతం నూటికి నూరు ఉండి, క్లాసులో అయిదోవంతు మంది మధ్యలోనే మాయమైతే, ఆ నూరు వెనక ఏం జరుగుతోందో అడగాలి. ఒక్క ఏడాది అంకె చూసి నిర్ణయించకండి, చిన్న బ్యాచ్‌లో ఇద్దరు ఫెయిలైతేనే శాతం దబ్బున పడిపోతుంది.

ఇప్పుడు ఇన్ఫర్మేషన్ సెషన్‌లోనో, మెయిల్‌లోనో ఈ ప్రశ్నలు అడగండి.

క్యాలెండర్ గురించి

- సెమిస్టర్ల వారీగా ఏ కోర్సులు, వారానికి ఎన్ని క్లినికల్ రోజులు?
- థియేటర్‌లో మొదటి రోజుకు ముందు ఏ కోర్సులు పూర్తవుతాయి?
- డాక్టరేట్ ప్రాజెక్టు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది?
- మొదటి సెమిస్టర్లు లీడర్‌షిప్, స్టాటిస్టిక్స్ లాంటి సాధారణ డాక్టరేట్ కోర్సులేనా, అసలు మత్తు కోర్సులు ఎప్పటి నుంచి?

ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు, కానీ డబ్బు లెక్క మొత్తం దీనిమీదే తిరుగుతుంది. కొన్ని ప్రోగ్రాముల్లో మొదటి రెండు మూడు సెమిస్టర్లు ఆన్‌లైన్‌లో ఈ సాధారణ కోర్సులే ఉంటాయి, ఆ కాలంలో ఉద్యోగం చేసుకోనిస్తారు. మరికొన్నింట్లో మొదటి వారం నుంచే ఫార్మకాలజీ. రెండింటినీ 36 నెలల ప్రోగ్రాం అనే అంటారు, కానీ ఒకదాంట్లో మీ జీతం ఆగేది చాలా ఆలస్యంగా.

క్లినికల్స్ గురించి

- సైట్లు ఎన్ని, క్యాంపస్ నుంచి ఎంత దూరం? ఎన్నిసార్లు మారాలి? దూరపు సైట్లో బస ఎవరు చూస్తారు, ఖర్చెవరిది?
- సైట్లు లాటరీలో వస్తాయా, కోరుకోవచ్చా? పిల్లలున్నవాళ్లకు ఏమైనా వెసులుబాటు ఉందా?
- గుండె ఆపరేషన్లు, చిన్నపిల్లలు, కాన్పులు ఎక్కడ దొరుకుతాయి? ఎన్ని వారాలు?
- ఆ హాస్పిటల్‌లో అనస్థీషియా రెసిడెంట్లు (మత్తు శిక్షణలో ఉన్న డాక్టర్లు) ఉన్నారా? ఉంటే పెద్ద కేసులు, నర్వ్ బ్లాకులు (ఒక భాగం మాత్రమే మొద్దుబారేలా నరం దగ్గర ఇచ్చే మత్తు) ఎవరి చేతికి వెళ్తాయి?
- సీఆర్ఎన్ఏలే సొంతంగా నడిపే సైట్ ఒక్కటైనా ఉందా?
- ప్రిసెప్టర్ ఒక్కరికి ఒక విద్యార్థా, ఇద్దరా? ఇద్దరికి మించకూడదన్నది నియమం.
- కాల్ (పిలిస్తే రావాల్సిన డ్యూటీ), రాత్రి షిఫ్టులు ఎప్పటి నుంచి? కాల్ మర్నాడు సెలవు ఉంటుందా?

రెసిడెంట్ల ప్రశ్నను మొహమాటం లేకుండా అడగండి. పెద్ద పేరున్న హాస్పిటల్ అని మురిసిపోయి చేరి, బ్లాకులన్నీ రెసిడెంట్లకు పోతుంటే పక్కన నిలబడి చూసేవాళ్లున్నారు. చిన్న ఊరి హాస్పిటల్‌లో మొదటి నెలలోనే స్పైనల్స్ చేతికి ఇచ్చే ప్రిసెప్టర్లూ ఉన్నారు. పేరుకన్నా చేతికొచ్చే కేసు ముఖ్యం.

ప్రోగ్రాం డైరెక్టర్ జవాబులు విన్నాక, అదే ప్రశ్నలను అక్కడ చదువుతున్న ఇద్దరిని అడగండి. ఒకరు మొదటి ఏడాది, ఇంకొకరు ఆఖరి ఏడాది. ఆఖరి ఏడాదివాళ్లను "మీ బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?" అని అడిగితే చాలు, మిగతాదంతా వాళ్లే చెప్తారు.

## 6. డబ్బు లెక్కను ఫార్మాట్‌తో ముడిపెట్టండి

మామూలుగా గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం ఉంటేనే ఫెడరల్ స్టూడెంట్ లోన్. హెచ్1బీ, హెచ్4 మీద ఉన్నవాళ్లకు అది రాదు, ప్రైవేటు లోను కోసం మామూలుగా అర్హత ఉన్న వాళ్లెవరైనా పూచీ ఉండాలి.

ఇంకో పెద్ద మార్పు: 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ (పైచదువుల విద్యార్థులకు ఇచ్చే ఫెడరల్) లోను లేదు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సుకు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లు పరిమితి. ప్రొఫెషనల్ కోర్సు అనే వర్గంలోకి వస్తే ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షలు. మీరు చేరే ప్రోగ్రాం ఏ వర్గంలో ఉందో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. "ముందు సీట్లో చేరితే లోను అదే వస్తుంది" అన్న పాత సలహాను ఇక నమ్మకండి.

ఇప్పుడు రాయాల్సిన అంకెలు:

- ట్యూషన్, ఫీజులు, రాష్ట్రం బయటి విద్యార్థికి ఎక్కువా?
- జీతం లేని నెలలు ఎన్ని?
- దూరపు రొటేషన్లలో (వేరే ఊరి సైట్లో క్లినికల్స్ చేసే కాలంలో) రెండో అద్దె, పెట్రోలు. హైబ్రిడ్ అయితే క్యాంపస్‌కు విమానం టికెట్లు, హోటల్.
- హెల్త్ ఇన్సూరెన్స్. మీ ఉద్యోగం మీదే ఇంటిల్లిపాదికీ ఉంటే, మానేసిన రోజు నుంచి ఏం చేస్తారు?
- డేకేర్. ఐదింటికి తెరిచే డేకేర్ మీ ఊళ్లో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

హైబ్రిడ్‌లో అద్దె మిగులుతుందని లెక్కేసి, ప్రయాణాల ఖర్చు మర్చిపోతుంటారు. రెండూ రాశాక తేడా మీరు అనుకున్నంత ఉండకపోవచ్చు.

## 7. రెండు ప్రోగ్రాములను పక్కపక్కన పెట్టే పద్ధతి

ఒక పెద్ద కాగితం మీద, లేదా ఎక్సెల్‌లో, 36 గళ్లు గీయండి. ఒక్కో గడి ఒక్కో నెల. ప్రతి ప్రోగ్రాంకు ఐదు వరసలు: క్లాసు రోజులు, థియేటర్ రోజులు, నేను ఉండే ఊరు, చేతిలో డబ్బు, ఇంట్లో సాయం చేసేవాళ్లు. కష్టమనిపించే గళ్లకు ఎర్ర రంగు వేయండి. ఐదు వరసలూ ఒకేసారి ఎర్రగా మారే నెలలను గుర్తించండి. ఆ నెలలను దాటే దారి ఉంటే ప్రోగ్రాం మీకు సరిపోతుంది, లేకపోతే ఎంత మంచి ప్రోగ్రాం అయినా సరిపోదు.

ఉదాహరణకు ఇలా అనుకుందాం. డల్లాస్‌లో ఐసీయూ నర్సు, నాలుగేళ్ల పాప, భర్తకు వారంలో మూడు రోజులు ఆఫీసు. ఒక ప్రోగ్రాం అదే ఊళ్లో ఫ్రంట్ లోడెడ్, కానీ రెండో ఏడాది నుంచి మూడు వేర్వేరు ఊళ్లలో రొటేషన్లు. రెండోది నాలుగు గంటల దూరంలో ఇంటిగ్రేటెడ్, క్లినికల్స్ అన్నీ ఒక్క హాస్పిటల్ గ్రూపులోనే.

పైకి చూస్తే మొదటిదే నయం అనిపిస్తుంది, ఇల్లు కదలక్కర్లేదుగా. గళ్లు నింపితే కథ మారుతుంది. మొదటి దాంట్లో పాప కిండర్‌గార్టెన్‌లో చేరే ఏడాదే అమ్మ వారాలకు వారాలు వేరే ఊళ్లో ఉంటుంది. రెండో దాంట్లో ఒక్కసారి అందరూ మారితే, మూడేళ్లూ రాత్రికి ఇంటికి చేరొచ్చు, కానీ భర్త ఆఫీసు ఒప్పుకోవాలి. ఆయనకు పూర్తిగా ఇంటి నుంచి పనిచేసే అనుమతి వస్తే నేనైతే రెండోదే ఎంచుకోమంటాను. రాకపోతే మొదటిది తీసుకుని, రొటేషన్ నెలలకు అమ్మమ్మ టికెట్ ఇప్పుడే ఆలోచించాలి. ఇక్కడ ఫ్రంట్ లోడెడా కాదా అన్న ప్రశ్న దాదాపు పక్కకే పోయిందని గమనించండి.

అన్ని గళ్లూ సమానంగా తేలితే అప్పుడు నేర్చుకునే తీరును బట్టి తేల్చండి. పరీక్షలంటే భయం లేక, ఒక్కసారి చదివితే గుర్తుండేవాళ్లకు ఫ్రంట్ లోడెడ్. చేత్తో పట్టుకుంటే కానీ అర్థం కానివాళ్లకు ఇంటిగ్రేటెడ్. హైబ్రిడ్ మాత్రం ఎవరూ గుర్తుచేయకపోయినా టైమ్‌కు కూర్చుని చదివే మనిషికే, ఇందులో నాకు రెండో మాట లేదు.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

ఉద్యోగం చేసుకోవచ్చని హైబ్రిడ్ ఎంచుకోవడం. క్లినికల్స్ మొదలయ్యాక ఏ ఫార్మాట్‌లోనూ ఉద్యోగం కుదరదు, చాలా ప్రోగ్రాములు వద్దని రాతపూర్వకంగానే చెప్తాయి. హ్యాండ్‌బుక్‌లో ఉద్యోగం గురించిన పేరా వెతికి చదవండి. జీతం లేకుండా గడవదనుకుంటే ఇంకో ఏడాది ఓవర్‌టైమ్ చేసి పొదుపు చేసుకుని రావడమే మేలు.

ఫ్రంట్ లోడెడ్‌లో మొదటి ఏడాది చదివింది మర్చిపోవడం. మొదటి నెల నుంచే ఒక్కో మందుకు ఒక్కో కార్డు రాసుకోండి: డోసు, ఎంతసేపట్లో పనిచేస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎవరికి ఇవ్వకూడదు. క్లినికల్స్‌కు ఆరు వారాల ముందు రోజూ కొన్ని చొప్పున తిరగేయండి. సిమ్ ల్యాబ్ ఖాళీగా ఉన్న గంటలు అడిగి, మెషీన్ చెకింగ్, ఇంట్యుబేషన్ చేతికి అలవాటయ్యేదాకా చేయండి.

ఇంటిగ్రేటెడ్‌లో క్లాసును వదిలేయడం. రోజూ ప్రిసెప్టర్ ఎదురుగా ఉంటాడు కాబట్టి కేర్ ప్లాన్‌కు భయపడి దానికే రాత్రంతా పెడతారు, పరీక్ష ముందు రోజు పుస్తకం తెరుస్తారు. మామూలు కేసులకు ఒక నమూనా ప్లాన్ తయారుచేసి పెట్టుకుని, పేషెంట్‌ను బట్టి మార్చుకుంటే రోజుకు గంటైనా మిగులుతుంది.

కేసుల లెక్క చివర్లో చూసుకోవడం. కేసులు ఏ రోజువి ఆ రోజే ఎక్కించండి. సెమిస్టర్‌కు ఒకసారి తక్కువ పడుతున్న రకాలు చూసుకుని క్లినికల్ కోఆర్డినేటర్‌కు చెప్పండి. ఆఖరి సెమిస్టర్లో చిన్నపిల్లల కేసులు తక్కువున్నాయని తెలిస్తే, ఇంకో ఊరికి పరుగెత్తాల్సి వస్తుంది.

కొత్త ప్రోగ్రాం అని భయపడి వదిలేయడం, లేదా చూడకుండా చేరడం. కొత్తదానికి పాస్ శాతం ఉండదు. డైరెక్టర్ ఇదివరకు ఎక్కడ ప్రోగ్రాం నడిపారు, సైట్లతో ఒప్పందాలు సంతకాలయ్యాయా అని అడగండి. "మాట్లాడుతున్నాం" అన్న జవాబు వస్తే ఆగడం మంచిది.

## 9. ఇంటర్వ్యూలో, సీటు వచ్చాక

"మా ప్రోగ్రామే ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. ఇక్కడ మీరు గీసిన గళ్లు పనికొస్తాయి. "మీ దగ్గర మూడో సెమిస్టర్ నుంచి క్లినికల్స్, అప్పటికి ఫార్మకాలజీ రెండు భాగాలూ అయిపోతాయి, నాకు ఆ వరస కుదురుతుంది, ఇంట్లో ఏర్పాటు ఇలా చేసుకున్నాను" అని చెప్పేవాళ్లు తక్కువ. ఫార్మాట్ గురించి ఫిర్యాదులా మాత్రం మాట్లాడకండి.

సీటు వచ్చాక చేయాల్సినవి ఈ వరసలో:

- డిపాజిట్ గడువు చూడండి. ఇంకో చోట ఫలితం రావాల్సి ఉంటే గడువు పెంచమని మర్యాదగా మెయిల్ చేయండి. కొందరు ఒప్పుకుంటారు, ఒప్పుకోకపోతే వచ్చిన సీటును వదలకండి.
- క్లినికల్ సైట్ల రాష్ట్రాలకు లైసెన్స్ పని మొదలుపెట్టండి.
- లోను కాగితాలు, ఇన్సూరెన్స్ ఏర్పాటు ఖాయమయ్యాకే ఉద్యోగానికి రాజీనామా. మీ మేనేజర్‌తో మంచిగా ఉండండి, సాధారణ కోర్సుల సెమిస్టర్లలో పీఆర్ఎన్‌గా (అవసరమైనప్పుడు మాత్రమే వచ్చే నర్సుగా) పనిచేయనిస్తే ఆ డబ్బు కలిసొస్తుంది.
- పెద్దవాళ్ల వీసా అపాయింట్‌మెంట్. హైదరాబాద్ కాన్సులేట్‌లో తేదీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం, కాబట్టి మీ క్లినికల్స్ నెల తెలిసిన రోజే అప్లై చేయించండి.

సీటు ఒక్కటే వచ్చి, అది మీరు కోరుకున్న ఫార్మాట్ కాకపోతే? గుర్తింపు, పాస్ శాతం, కేసులు బాగుంటే చేరిపోండి. ఎర్ర నెలలను దాటే ఏర్పాటు మాత్రం ముందే చేసుకోండి. ఇంకో ఏడాది ఆగి నచ్చిన ఫార్మాట్ కోసం మళ్లీ అప్లై చేయడం, ఆ 36 గళ్లలో ఏ మాత్రం సర్దుకోలేని గడి ఉన్నప్పుడే.